హూ, విచ్, దట్, వేర్ – ఏది ఎక్కడ రాయాలి? ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు తెలుగువాళ్లకు సమగ్ర మార్గదర్శి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు గానీ, సిరోంచ, బల్లార్‌పూర్, కిన్వట్, ధర్మాబాద్ వైపు గానీ పెరిగిన తెలుగు పిల్లలకు ఇంట్లో ఒక భాష, బళ్లో ఇంకో భాష. ఇంట్లో తెలుగు, పాఠం ఒడియాలోనో మరాఠీలోనో. ఇంగ్లీషు ఆ తరవాత వస్తుంది. కాబట్టి వాళ్ల ఇంగ్లీషులో రిలేటివ్ ప్రొనౌన్ల (హూ, విచ్, దట్ లాంటి మాటల) తప్పులు ఒక్క వైపు నుంచి రావు. కొన్ని తెలుగు నుంచి వస్తాయి, కొన్ని బడి భాష నుంచి వస్తాయి. రెండింటి మందూ ఒకటి కాదు. తప్పు ఎటునుంచి వచ్చిందో తెలిస్తే దిద్దుకోవడం తేలిక. అందుకే నియమాల పట్టికతో మొదలుపెట్టకుండా, ముందు తప్పులు పుట్టే చోటు చూద్దాం.

ఒక్క మాట. ఉదాహరణ వాక్యాలన్నీ తెలుగు లిపిలోనే ఇస్తున్నాం. పైకి చదవండి, ఆ తరవాత నోటుపుస్తకంలో ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోండి. కామా ఉన్నచోట కామా పెట్టండి. ఈ పాఠంలో కామా అలంకారం కాదు, అర్థంలో భాగం.

తెలుగు దాచేది, ఇంగ్లీషు అడిగేది

ఈ మాటలు చూడండి.

నిన్న వచ్చిన మనిషి. మేం వచ్చిన బస్సు. మేం వచ్చిన రోజు. మేం వచ్చిన పని. మాకు వచ్చిన ఉత్తరం.

అయిదింటిలోనూ 'వచ్చిన' ఒకటే. మనిషి వచ్చాడు, బస్సులో మేం వచ్చాం, ఆ రోజున వచ్చాం, ఆ పని కోసం వచ్చాం, ఉత్తరం మా దగ్గరికి వచ్చింది. ఈ 'లో, న, కోసం' అన్నవేవీ తెలుగులో పైకి కనబడవు. వినేవాడు సందర్భాన్నిబట్టి పూరించుకుంటాడు. ఇంగ్లీషు అలా ఊరుకోదు. ప్రతిదానికీ వేరే మాట కావాలంటుంది.

"ద మ్యాన్ హూ కేమ్ యెస్టర్డే."
"ద బస్ ఇన్ విచ్ వి కేమ్."
"ద డే వెన్ వి కేమ్."
"ద వర్క్ ఫర్ విచ్ వి కేమ్."
"ద లెటర్ దట్ కేమ్ టు అజ్."

అంటే 'వచ్చిన' అనే మాటను ఇంగ్లీషులోకి ఎలా మార్చాలి అన్న ప్రశ్నే తప్పు. ఆ మనిషికి, ఆ బస్సుకి, ఆ రోజుకి 'రావడం'తో ఏం సంబంధం అని అడగాలి. తెలుగులో దాగిన విభక్తిని బయటికి లాగితే సగం పని అయిపోయినట్టే. బయటికి లాగకుండా రాస్తేనే "ద హౌస్ విచ్ ఐ లివ్" లాంటి వాక్యం పుడుతుంది. 'నేను ఉండే ఇల్లు'లో 'లో' కనబడదు కాబట్టి ఇంగ్లీషులో 'ఇన్' జారిపోయింది. తెలుగు ఇంటి పిల్లల్లో ఎక్కువగా కనబడే తప్పు ఇదే.

బడి భాష ఇచ్చేది, చెడగొట్టేది

ఒడియాలో "జేఉఁ పిలా కాలి ఆసిథిలా, సే మో భాఇ" అంటారు. మరాఠీలో "జో ముల్గా కాల్ ఆలా, తో మాఝా భావూ ఆహే" అంటారు. రెండు భాషల్లోనూ జోడు మాటలు: జేఉఁ–సే, జో–తో. తెలుగులోనూ 'ఎవరైతే వచ్చారో వారు' అనే పద్ధతి ఉంది గానీ రోజువారీ మాటల్లో తక్కువ. ఒడియా, మరాఠీల్లో అది నిత్యం నోట్లో నానే వాక్యం.

ఈ అచ్చును ఇంగ్లీషు మీద నొక్కితే మూడు తప్పులు పడతాయి.

మొదటిది, "హూ బాయ్ కేమ్ యెస్టర్డే" అని 'హూ'ని నామవాచకం ముందు పెట్టడం. ఇంగ్లీషులో నామవాచకం ముందు, 'హూ' వెనక: "ద బాయ్ హూ".

రెండోది, 'సే', 'తో'కు బదులుగా ఒక 'హీ' తగిలించడం: "ద బాయ్ హూ కేమ్ యెస్టర్డే, హీ ఈజ్ మై బ్రదర్." ఇంగ్లీషులో జోడు లేదు. ఆ 'హీ' కొట్టేయాలి.

మూడోది కంటికి ఆనదు. జో–తో వాక్యంలో మొదటి భాగం అయ్యాక కామా పెట్టడం అలవాటు. ఆ అలవాటుతో "ద బాయ్ హూ కేమ్ యెస్టర్డే, ఈజ్ మై బ్రదర్" అని రాస్తారు. మాటలన్నీ సరే, ఆ ఒంటరి కామా తప్పు. రిలేటివ్ క్లాజుకు, అంటే 'హూ, విచ్' లాంటి మాటతో మొదలయ్యే ముక్కకు, కామాలు ఉంటే రెండు వైపులా ఉండాలి, లేకపోతే అసలు ఉండకూడదు. క్లాజు వాక్యం చివర పడితే రెండో కామా స్థానంలో ఫుల్‌స్టాప్ ఉంటుంది, అంతే.

అయితే బడి భాష వల్ల మేలూ ఉంది. శ్రీకాకుళంలోనో కరీంనగర్‌లోనో చదివే తెలుగు విద్యార్థికి లేని ఆధారం ఒకటి మీ చేతిలో ఉంది. ఒడియాలో 'జాహాకు', 'జాహార' వేరు. మరాఠీలో 'జ్యాలా', 'జ్యాచా' వేరు. తెలుగు దాచిన విభక్తిని ఈ మాటలు పైకి చూపిస్తాయి. మనసులో వాక్యాన్ని ఒడియాలోకో మరాఠీలోకో తిప్పి చూడండి. 'జాహార', 'జ్యాచా' వస్తే ఇంగ్లీషులో 'హూజ్'. 'జేఉఁఠి', 'జిథే' వస్తే చాలాసార్లు 'వేర్'. 'జేతేబేళే', 'జెవ్హా' వస్తే 'వెన్'.

'జాహాకు', 'జ్యాలా' వస్తే 'హూమ్' అని చెప్పేయాలనిపిస్తుంది. ఇక్కడ కాస్త ఆగండి. "జ్యాలా క్రికెట్ ఆవడతే" అన్నప్పుడు 'లా' ఉంది, ఒడియాలో "జాహాకు క్రికెట్ భల లాగే" అన్నప్పుడు 'కు' ఉంది. తెలుగులోనూ 'అతనికి క్రికెట్ ఇష్టం' అంటాం. ఇంగ్లీషులో మాత్రం ఆ మనిషే సబ్జెక్టు (కర్త): "హీ లైక్స్ క్రికెట్." కనుక "ద బాయ్ హూ లైక్స్ క్రికెట్", 'హూమ్' కాదు. ఇష్టం, కావాలి, తెలుసు, ఆకలి, జ్వరం – మన వైపు భాషలు చాలావరకు వీటికి 'కి, కు' లాంటివి పెడతాయి. ఇంగ్లీషు పెట్టదు. "ద మ్యాన్ హూ నీడ్స్ మనీ", "ద గర్ల్ హూ హ్యాజ్ ఫీవర్", "ద టీచర్ హూ నోస్ తెలుగు". కాబట్టి 'హూమ్' తేల్చాల్సింది ఇంగ్లీషు క్రియను చూసి, మన విభక్తిని చూసి కాదు.

రెండు వాక్యాలుగా విరవండి

ఏ సందేహం వచ్చినా ఇదే దారి. మొదట్లో కాగితం మీద చేయండి, అలవాటయ్యాక తలలోనే అయిపోతుంది.

మొదటి మెట్టు: చెప్పదలచుకున్నది రెండు చిన్న ఇంగ్లీషు వాక్యాలుగా రాయండి. 'మీరు స్టేషన్లో కలిసిన మనిషి మా మావయ్య' అని చెప్పాలి. "ద మ్యాన్ ఈజ్ మై అంకుల్. యు మెట్ హిమ్ ఎట్ ద స్టేషన్."

రెండో మెట్టు: రెండు వాక్యాల్లోనూ ఉన్నది ఏది? మొదటిదాంట్లో 'ద మ్యాన్', రెండోదాంట్లో 'హిమ్'. రెండింటి కింద గీత గీయండి.

మూడో మెట్టు: రెండో వాక్యంలో గీత గీసిన మాట ఏ రూపంలో ఉందో చూడండి. నిర్ణయం ఇక్కడే జరుగుతుంది. 'హీ, షి, దే' ఉంటే 'హూ'. 'హిమ్, హర్, దెమ్' ఉంటే 'హూమ్'. 'హిజ్, దెయిర్, ఇట్స్' గానీ, 'హర్ సన్'లో లాంటి 'హర్' గానీ ఉంటే 'హూజ్'. వస్తువైతే 'ఇట్' సబ్జెక్టైనా ఆబ్జెక్టైనా (కర్మ అయినా) 'విచ్' లేదా 'దట్'. 'దేర్' ఉంటే 'వేర్'. 'దెన్', 'ఆన్ దట్ డే' ఉంటే 'వెన్'. మగ, ఆడ, ఒకటి, పది అన్న తేడాతో ఇవేవీ మారవు. మరాఠీలో జో, జీ, జే అని మార్చినట్టు ఇక్కడ మార్చే పని లేదు.

నాలుగో మెట్టు: ఆ మాట తీసేసి, దాని బదులు వచ్చినదాన్ని రెండో వాక్యం మొదట్లోకి తెండి. "హూమ్ యు మెట్ ఎట్ ద స్టేషన్." 'హిమ్' పోవాలి. అది మిగిలిపోతే "హూమ్ యు మెట్ హిమ్" అవుతుంది, ఒకే మనిషిని రెండుసార్లు పిలిచినట్టు.

అయిదో మెట్టు: ఈ ముక్కను మొదటి వాక్యంలో గీత గీసిన నామవాచకం పక్కనే దూర్చండి. "ద మ్యాన్ హూమ్ యు మెట్ ఎట్ ద స్టేషన్ ఈజ్ మై అంకుల్." చివర్లో తగిలిస్తే అర్థం మారిపోతుంది. "ఐ గేవ్ ద బుక్ టు ద బాయ్ విచ్ వాజ్ టోర్న్" అని రాస్తే చిరిగింది పుస్తకమా, పిల్లాడా? "ఐ గేవ్ ద బుక్ విచ్ వాజ్ టోర్న్ టు ద బాయ్" అని రాయాలి.

ఆరో మెట్టు కామా. దాని సంగతి తరవాత విడిగా చూద్దాం.

హూ, హూమ్

మాట్లాడేటప్పుడు ఇంగ్లీషువాళ్లే 'హూమ్' చాలావరకు వదిలేశారు. "ద మ్యాన్ హూ యు మెట్" అంటారు, లేదా ఏదీ లేకుండా "ద మ్యాన్ యు మెట్" అంటారు. పరీక్షలో, దరఖాస్తులో, ఆఫీసు ఉత్తరంలో మాత్రం 'హూమ్' రాయడమే క్షేమం. ప్రిపోజిషన్ ముందుకొస్తే ఇక ఎంపికే లేదు: "టు హూమ్", "విత్ హూమ్", "ఫ్రమ్ హూమ్". "టు హూ" అని ముక్క మొదలుపెట్టకూడదు.

తప్పులు పట్టే ప్రశ్నల్లో తరచూ పెట్టే ఉచ్చు ఒకటి: "ద మ్యాన్ హూమ్ ఐ థింక్ ఈజ్ ద హెడ్‌మాస్టర్ హ్యాజ్ కమ్." 'ఐ' కనబడగానే ఆ ముందున్నది ఆబ్జెక్టు అనుకుంటాం. రెండు వాక్యాలుగా విరవండి. "ఐ థింక్ హీ ఈజ్ ద హెడ్‌మాస్టర్." అక్కడున్నది 'హీ', కాబట్టి 'హూ'. 'ఐ థింక్, ఐ బిలీవ్, దే సే' లాంటివి మధ్యలో దూరిన అతిథులు. వాటి మీద వేలు పెట్టి మూసి చదివితే వాక్యం తేటపడుతుంది.

విచ్, దట్

వస్తువులకు, ఊళ్లకు, జంతువులకు 'విచ్' లేదా 'దట్'. పేరు పెట్టి పెంచుకునే కుక్కకూ ఆవుకూ 'హూ' వాడేవాళ్లు ఉన్నారు. తప్పు కాదు గానీ పరీక్షలో 'విచ్' రాయండి. 'దట్' మనుషులకూ వాడొచ్చు. "ద బాయ్ దట్ కేమ్" తప్పేమీ కాదు, 'హూ' కాస్త మర్యాదగా వినిపిస్తుంది, అంతే.

'దట్' రాయకూడని చోట్లు రెండే రెండు. కామా తరవాత, ప్రిపోజిషన్ తరవాత. "ద బస్ ఇన్ దట్ వి కేమ్" ఎప్పుడూ తప్పు. 'ఇన్'ను చివరికి పంపితే 'దట్' మళ్లీ పనికొస్తుంది: "ద బస్ దట్ వి కేమ్ ఇన్."

'దట్' మెరుగనిపించే చోట్లు కొన్ని ఉన్నాయి. ఆల్, ఎవ్రీథింగ్, నథింగ్, సమ్‌థింగ్, ద ఓన్లీ, ద ఫస్ట్, 'బెస్ట్' లాంటి సూపర్లేటివ్ – వీటి తరవాత వస్తువులకు 'దట్' రాస్తారు. "ఆల్ దట్ ఐ హ్యావ్", "ద బెస్ట్ మ్యాంగో దట్ ఐ హ్యావ్ ఈటెన్". మనిషీ, పశువూ కలిసి వస్తే కూడా 'దట్' అక్కరకొస్తుంది: "ద ఫార్మర్ అండ్ ద బుల్స్ దట్ క్రాస్డ్ ద రివర్."

కామా లేని చోట 'విచ్' వాడకూడదని అమెరికాలో చాలామంది సంపాదకులు పట్టుబడతారు. బ్రిటిష్ పద్ధతిలో రెండూ చెల్లుతాయి. మన పాఠ్యపుస్తకాలు బ్రిటిష్ దారివే. అయితే కంప్యూటర్ 'విచ్' కింద గీత గీస్తే గాబరా పడకండి.

ఇంకో 'దట్' ఉంది, అది రిలేటివ్ ప్రొనౌనే కాదు. దాన్ని పట్టుకోవడానికి తెలుగే మంచి పరీక్ష. 'అతను తెచ్చిన వార్త' అంటే "ద న్యూస్ దట్ హీ బ్రాట్". ఇక్కడ 'విచ్' కూడా పెట్టొచ్చు. 'అతను పాసయ్యాడన్న వార్త' అంటే "ద న్యూస్ దట్ హీ పాస్డ్". ఇక్కడ 'విచ్' పెట్టకూడదు. తెలుగులో 'అన్న, అనే' వస్తే అది వార్తలోని విషయం, 'దట్' ఒక్కటే చెల్లుతుంది. ఒట్టి 'తెచ్చిన, విన్న, రాసిన' వస్తే మామూలు రిలేటివ్ క్లాజు.

హూజ్ వస్తువులకూ చెల్లుతుంది

'హూజ్' మనుషులకే అని చాలామంది నమ్మకం. కాదు. "ద హౌస్ హూజ్ రూఫ్ ఫెల్" పూర్తిగా ఒప్పు. "ద హౌస్ ద రూఫ్ ఆఫ్ విచ్ ఫెల్" అని చుట్టు తిరిగి రాయనక్కరలేదు. తెలుగులో 'కప్పు కూలిన ఇల్లు', 'కొడుకు ముంబైలో ఉన్న పెద్దాయన' అంటాం. కూలింది కప్పు, ఇల్లు కాదు. ఉన్నది కొడుకు, పెద్దాయన కాదు. ఇలా క్రియ ఒకరిది, నామవాచకం ఇంకొకరిది అయితే మధ్యలో 'యొక్క' దాగి ఉన్నట్టు. అక్కడ 'హూజ్' పెట్టండి. "ద ఓల్డ్ మ్యాన్ హూజ్ సన్ ఈజ్ ఇన్ ముంబై." 'హూజ్' తరవాత 'ద, హిజ్, హర్' ఏవీ రావు, నేరుగా నామవాచకమే.

రాతలో జాగ్రత్త. అపాస్ట్రఫీ పెట్టి రాసే 'హూజ్' వేరు, అది 'హూ ఈజ్' లేదా 'హూ హ్యాజ్'కు పొట్టి రూపం. పలుకు ఒకటే కాబట్టి చెవి సాయం చేయదు. విడదీసి 'హూ ఈజ్ సన్' అని చదివి చూస్తే అతకదు, తేలిపోతుంది.

వేర్ పెట్టాలా, విచ్ పెట్టాలా

ఊరు పేరు కనబడగానే 'వేర్' రాసేయడం రెండో పెద్ద తప్పు. 'జిథే', 'జేఉఁఠి' అలవాటు కూడా దీనికి తోడవుతుంది. ఊరా, వస్తువా అన్నది చూడకండి. మిగిలిన ముక్క చూడండి.

"ద టౌన్ ___ ఐ విజిటెడ్." ఖాళీ తరవాత ఉన్నది "ఐ విజిటెడ్". ఏం విజిట్ చేశారు? జవాబు లేదు, ముక్క అసంపూర్ణం. అంటే ఖాళీలో ఆబ్జెక్టు కావాలి: 'విచ్' లేదా 'దట్'. "ద టౌన్ ___ ఐ వాజ్ బార్న్." ఇక్కడ "ఐ వాజ్ బార్న్" దానికదే నిండు వాక్యం. ఖాళీలో చోటు మాత్రమే చెప్పాలి: 'వేర్'.

బల్లార్‌పూర్‌నే తీసుకోండి. "బల్లార్‌పూర్, విచ్ ఈజ్ నోన్ ఫర్ ఇట్స్ పేపర్ మిల్, ఈజ్ ఇన్ చంద్రపూర్ డిస్ట్రిక్ట్." 'ఈజ్ నోన్' ముందు సబ్జెక్టు కావాలి, కాబట్టి 'విచ్'. "బల్లార్‌పూర్, వేర్ మై అంకుల్ వర్క్స్, ఈజ్ ఇన్ చంద్రపూర్ డిస్ట్రిక్ట్." 'మై అంకుల్ వర్క్స్' నిండు వాక్యం, కాబట్టి 'వేర్'. ఊరు అదే, మాట మారింది.

'వేర్'కు బదులు 'ఇన్ విచ్', 'ఎట్ విచ్' అని కూడా రాయొచ్చు, కాస్త బరువుగా ఉంటుంది. రెండూ కలపకూడదు. "ద హౌస్ వేర్ ఐ లివ్ ఇన్", "ద హౌస్ ఇన్ విచ్ ఐ లివ్ ఇన్" – రెండూ తప్పే. 'ఇన్' ఒక్కసారే రావాలి, ముందో వెనకో.

'వెన్' కూడా ఇలాగే. "1936 ఈజ్ ద ఇయర్ వెన్ ఒరిస్సా బికేమ్ ఎ సెపరేట్ ప్రావిన్స్." అదే "1936 ఈజ్ ద ఇయర్ దట్ చేంజ్డ్ పర్లాకిమిడి" అంటే 'చేంజ్డ్'కు సబ్జెక్టు కావాలి, 'వెన్' కుదరదు.

'వై'కి ముందు 'ద రీజన్' వస్తుంది: "ద రీజన్ వై హీ డిడ్ నాట్ కమ్ ఈజ్ దట్ హీ వాజ్ ఇల్." ఇక్కడ 'దట్' బదులు 'బికాజ్' రాస్తే కారణాన్ని రెండుసార్లు చెప్పినట్టని దిద్దేవాళ్లు మార్కు కోస్తారు. 'అతను మాట్లాడే తీరు'కు "ద వే హీ స్పీక్స్" చాలు. "ద వే హౌ" అనే జోడు ఇంగ్లీషులో లేదు.

ప్రిపోజిషన్ జారిపోకుండా

కొన్ని క్రియలను వాటి ప్రిపోజిషన్‌తో కలిపే నేర్చుకోవాలి: వెయిట్ ఫర్, లిసెన్ టు, లుక్ ఎట్, డిపెండ్ ఆన్, బిలాంగ్ టు, కంప్లైన్ అబౌట్, స్లీప్ ఆన్. తెలుగులో 'నేను పడుకునే మంచం', 'మేం వినే పాట', 'వాళ్లు ఆధారపడే నది' అంటాం. ఇంగ్లీషులో "ద కాట్ ఐ స్లీప్ ఆన్", "ద సాంగ్ వి లిసెన్ టు", "ద రివర్ దే డిపెండ్ ఆన్". చివర్లో ప్రిపోజిషన్ వేలాడితే తప్పు అని కొందరు పాత మాస్టార్లు చెప్పేవారు. ఆ నియమాన్ని ఇప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోరు. దరఖాస్తులో గంభీరంగా ఉండాలనుకుంటే "ఆన్ విచ్ దే డిపెండ్" అని రాయండి.

ఏదీ పెట్టనక్కరలేని చోటు

"ద సాంగ్ వి లిసెన్ టు"లో 'దట్' లేదు చూశారా? ముందు ప్రిపోజిషన్ లేని 'హూమ్, విచ్, దట్' వెంటనే వేరే సబ్జెక్టు – 'ఐ, వి, యు, మై మదర్' లాంటిది – ఉంటే ఆ మాటను తీసేయొచ్చు. వెంటనే క్రియ ఉంటే తీయకూడదు. "ద బాయ్ కేమ్ యెస్టర్డే ఈజ్ మై బ్రదర్" తప్పు, ఎందుకంటే 'హూ' తీసేస్తే 'కేమ్'కు సబ్జెక్టు లేదు. మన 'నిన్న వచ్చిన అబ్బాయి'లో అదనపు మాట లేదు కాబట్టి నోరు అటే పోతుంది. ఇంకో షరతు: కామా ఉన్న క్లాజులో ఎప్పుడూ తీయకూడదు.

కామా పెడితే ఏమవుతుంది

"మై సిస్టర్ హూ లివ్స్ ఇన్ బరంపురం ఈజ్ ఎ నర్స్." కామా లేదు. అక్కలు ఇద్దరో ముగ్గురో ఉన్నారు, వాళ్లలో బరంపురంలో ఉన్నావిడ నర్సు. ఏ అక్కో తేల్చి చెప్పడానికే ఆ ముక్క.

"మై సిస్టర్, హూ లివ్స్ ఇన్ బరంపురం, ఈజ్ ఎ నర్స్." రెండు కామాలు. అక్క ఒక్కతే. ఆవిడ బరంపురంలో ఉంటుందన్నది పక్కన చెప్పిన కబురు.

తెలుగులో 'బరంపురంలో ఉండే మా అక్క నర్సు' అని రెండింటికీ ఒకే మాట అనేస్తాం. పరీక్ష ఇలా: ముక్కను వేలితో మూసేయండి. ఎవరి గురించో, దేని గురించో ఇంకా స్పష్టంగా తెలుస్తుంటే కామాలు పెట్టండి. తెలియకపోతే వద్దు.

దీన్నిబట్టి ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు, నదుల పేర్ల తరవాత దాదాపు ఎప్పుడూ కామా వస్తుంది, పేరే గుర్తుపట్టిస్తోంది కాబట్టి. "గుణుపురం, విచ్ స్టాండ్స్ ఆన్ ద వంశధార, ఈజ్ ఇన్ రాయగడ డిస్ట్రిక్ట్." "గిడుగు రామమూర్తి, హూ టాట్ ఇన్ పర్లాకిమిడి, స్టడీడ్ ద సవర లాంగ్వేజ్." అదే 'ద రివర్' అని మాత్రం అంటే ఏ నదో తెలియదు, కామా వద్దు: "ద రివర్ దట్ జాయిన్స్ ద గోదావరి నియర్ సిరోంచ ఈజ్ ద ప్రాణహిత."

కామా 'విచ్'కు ఇంకో పని ఉంది. ఒక వస్తువును కాక ముందు చెప్పిన సంగతి మొత్తాన్ని పట్టుకుంటుంది. "ద ట్రెయిన్ వాజ్ లేట్, విచ్ మేడ్ అజ్ మిస్ ద ఎగ్జామ్." పరీక్ష తప్పించింది రైలు కాదు, రైలు ఆలస్యం. ఇక్కడ 'దట్', 'వాట్' రెండూ పనికిరావు.

"హీ హ్యాజ్ త్రీ సన్స్, టూ ఆఫ్ దెమ్ వర్క్ ఇన్ నాందేడ్" అని రెండు నిండు వాక్యాలను ఒట్టి కామాతో అతికించడం కూడా తరచూ కనబడుతుంది. 'దెమ్' తీసి 'హూమ్' పెడితే అతుకు కుదురుతుంది: "టూ ఆఫ్ హూమ్ వర్క్ ఇన్ నాందేడ్". వస్తువులైతే "టూ ఆఫ్ విచ్".

వాట్ సంగతి

'వాట్' ముందు నామవాచకం ఉండదు. దాన్ని కడుపులోనే దాచుకుంది. తెలుగులో 'నువ్వు చెప్పిన మాట' అని నామవాచకం విడిగా ఉంటే "ద వర్డ్ దట్ యు సెడ్". 'నువ్వు చెప్పింది' అని క్రియలోనే కలిసిపోతే "వాట్ యు సెడ్". కొన్నది, చూసింది, అడిగింది – వస్తువు గురించి ఈ రూపం వస్తే 'వాట్'. 'నువ్వు చెప్పిందంతా' అన్నప్పుడు 'అంతా' బయటికొచ్చింది కాబట్టి "ఆల్ దట్ యు సెడ్". "ఆల్ వాట్", "ఎవ్రీథింగ్ వాట్" తప్పు. మనిషైతే 'చెప్పినవాడు', "ద మ్యాన్ హూ సెడ్ ఇట్".

క్రియ ఒకటా, అనేకమా

'హూ, విచ్, దట్' తరవాత క్రియ ముందున్న నామవాచకాన్ని చూసి నడుస్తుంది. "హీ ఈజ్ వన్ ఆఫ్ ద బాయ్స్ హూ ప్లే కబడ్డీ." ఆడేది 'బాయ్స్', అందుకే 'ప్లే'. "హీ ఈజ్ ద ఓన్లీ వన్ ఆఫ్ ద బాయ్స్ హూ ప్లేస్ కబడ్డీ." ఇక్కడ ఆడేది ఒక్కడే. "ఐ, హూ యామ్ యువర్ ఫ్రెండ్" అనాలి, 'హూ ఈజ్' కాదు. 'సచ్', 'ద సేమ్' తరవాత 'యాజ్' రావడం పాత ప్రశ్నపత్రాల్లో కనబడుతుంది: "సచ్ బుక్స్ యాజ్ ఆర్ యూస్‌ఫుల్". గుర్తుపట్టగలిగితే చాలు.

చేసి చూడండి

కింది తెలుగు మాటలను ఇంగ్లీషులో రాసి, ఆ తరవాతే జవాబులు చూడండి.

1. మేం నిన్న చూసిన జలపాతం
2. మేం స్నానం చేసిన జలపాతం
3. ఉద్యోగం కావలసిన కుర్రాళ్లు
4. తలుపు విరిగిన బండి
5. నేను డబ్బు ఇచ్చిన దుకాణదారు
6. అతను దొంగ అన్న మాట
7. మీరు బజార్లో కొన్నది
8. నేను ఎదురుచూస్తున్న బస్సు

మొదటిది "ద వాటర్‌ఫాల్ వి సా యెస్టర్డే", మధ్యలో 'దట్' ఇష్టం. 'వేర్' రాసినవాళ్లు "వి సా" అసంపూర్ణమన్న సంగతి మళ్లీ చూసుకోవాలి. రెండోది "ద వాటర్‌ఫాల్ వేర్ వి బేద్డ్". మూడోది "ద బాయ్స్ హూ నీడ్ ఎ జాబ్". 'కుర్రాళ్లకు కావాలి' అన్న 'కు' చూసి 'హూమ్' రాయకండి. నాలుగోది "ద వ్యాన్ హూజ్ డోర్ ఈజ్ బ్రోకెన్". అయిదోది "ద షాప్‌కీపర్ టు హూమ్ ఐ గేవ్ ద మనీ", లేదా "ద షాప్‌కీపర్ ఐ గేవ్ ద మనీ టు". ఆరోది "ద రూమర్ దట్ హీ ఈజ్ ఎ థీఫ్". 'అన్న' ఉంది కాబట్టి 'విచ్' వద్దు. ఏడోది "వాట్ యు బాట్ ఇన్ ద మార్కెట్". ఎనిమిదోది "ద బస్ ఐ యామ్ వెయిటింగ్ ఫర్". 'ఫర్' మరిచిపోయి ఉంటే ప్రిపోజిషన్ల భాగంలోని ఏడు క్రియలతోనూ ఇలాంటి వాక్యం ఒక్కోటి రాయండి.